పాలిచ్చే తల్లికి నెల తప్పదా?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. నా వయసు 24 ఏళ్లు. మాది కావలి దగ్గర ఒక పల్లె. తొలికాన్పుకు పుట్టింటికి వచ్చి ఇక్కడే ఉన్నాను. పాపకు నాలుగో నెల నడుస్తోంది. ఐదో నెలలో నన్ను ఒంగోలులో ఉన్న అత్తగారింటికి పంపుతామంటున్నారు. నాకు ఇంకా ముట్టు రాలేదు. "బిడ్డ రొమ్ము వదిలేదాకా నీకేం భయం లేదు" అని మా అమ్మ, అవ్వ ఇద్దరూ ధైర్యం చెబుతున్నారు. నాకూ మా అన్నకూ నాలుగేళ్ల ఎడం ఉంది, మా అమ్మ ఏ మాత్రా మింగలేదట. కానీ మా పక్కింటి అక్క బిడ్డకు పాలిస్తూనే, ముట్టన్నది రాకుండానే, ఎనిమిదో నెలలో మళ్లీ గర్భవతి అయింది. నేను ఎవరి మాట నమ్మాలి? పాపకు రొమ్ముపాలే ఇస్తున్నాను గానీ, రాత్రి నిద్ర పడుతుందని పడుకునే ముందు ఒకసారి గేదెపాలు పడుతున్నాం. (పేరు రాయవద్దని కోరారు)

జవాబు: మీ అమ్మగారు చెప్పిందీ అబద్ధం కాదు, మీ పక్కింటి ఆమెకు జరిగిందీ వింత కాదు. చనుబాలు ఇవ్వడం గర్భం రాకుండా కాపాడే మాట నిజమే. అయితే ఆ కాపుదల కొన్ని షరతులకు లోబడి, కొంత కాలం మాత్రమే ఉంటుంది. ఆ షరతులు ఎప్పుడు తప్పిపోయాయో ఇంట్లో ఎవరూ గమనించకపోవడం వల్లనే, ఒకే వీధిలో ఒకరికి నాలుగేళ్ల ఎడం, మరొకరికి ఏడాదిన్నర ఎడం వస్తుంటాయి.

బిడ్డ రొమ్ము పట్టి చప్పరించినప్పుడల్లా చనుమొన దగ్గరి నరాల ద్వారా మెదడుకు ఒక సంకేతం వెళుతుంది. ఆ సంకేతం వల్ల పాలు తయారు చేయించే ప్రొలాక్టిన్ అనే హార్మోను పెరుగుతుంది. అదే సమయంలో, అండాశయాన్ని నెలనెలా మేల్కొలిపే హార్మోన్లు లయ తప్పి, అండం పక్వమై విడుదల కావడం ఆగిపోతుంది. అండం లేకపోతే గర్భమూ లేదు, ముట్టూ లేదు. ఇందులో గమనించవలసింది ఏమిటంటే, ఈ పని చేసేది పాలు కాదు, బిడ్డ చప్పరింపు. పాలు బాగా పడాలని మన తీరంలో బాలింతకు పాలసొర పులుసు పెడతారు, సొరపిట్టు చేస్తారు, వెల్లుల్లి కారం కలిపి ముద్దలు తినిపిస్తారు. అవన్నీ బాలింతకు మంచి ఆహారమే, నేను వద్దనను. కానీ పాలు ధారగా పడుతున్నాయి కాబట్టి గర్భం రాదనుకోవడానికి లేదు. బిడ్డ రోజుకు ఎన్నిసార్లు, ఎంత ఎడంతో, రాత్రి ఎన్నిసార్లు రొమ్ము పట్టిందన్నదే లెక్క.

ఈ లెక్కను శాస్త్రీయంగా తేల్చడానికి 1988లో ఇటలీలోని బెలాజియోలో కొందరు పరిశోధకులు సమావేశమై, అప్పటికి పలు దేశాల్లో దొరికిన సమాచారాన్నంతా ముందు పెట్టుకుని ఒక అభిప్రాయానికి వచ్చారు. బిడ్డకు ఆరు నెలలు నిండకుండా ఉండి, ఆ బిడ్డ పూర్తిగా లేదా దాదాపు పూర్తిగా రొమ్ముపాల మీదే ఉండి, తల్లికి ముట్టు తిరిగి మొదలుకాకుండా ఉంటే, ఆ తల్లికి గర్భం రాకుండా 98 శాతం రక్షణ ఉంటుందని వారు తేల్చారు. తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ మన న్యూఢిల్లీతో సహా ఏడు దేశాల్లో నాలుగు వేల మందికి పైగా తల్లులను పరిశీలించి, 1999లో ప్రకటించిన ఫలితాలు కూడా ఈ మాటను బలపరిచాయి. జాగ్రత్తగా పాటించిన వారిలో ఆరు నెలల్లో నూరుమందికి సుమారు ఒకరు మాత్రమే గర్భం దాల్చారు. ఇది సామాన్యమైన రక్షణ కాదు. మామూలుగా ఇళ్లలో కండోము వాడే తీరుతో పోలిస్తే ఇదే నయం. అయితే ఆ మూడు షరతులూ ఒకేసారి ఉండాలి. వాటిలో ఒక్కటి తప్పినా మిగిలిన రెండింటి మీద ఆధారపడడానికి వీల్లేదు.

ముందు మీ గేదెపాల సంగతి చూద్దాం. నా దగ్గరకు వచ్చే బాలింతలను "తల్లిపాలేనా?" అని అడిగితే అందరూ "తల్లిపాలే మేడం" అనే అంటారు. ఆ మాట పూర్తయ్యేలోపే బిడ్డ ఏడవడం, పక్కనున్న అమ్మమ్మ సంచిలోంచి తడిగుడ్డ చుట్టిన పాలసీసా తీయడం నేను ఎన్నోసార్లు చూశాను. ఆ అమ్మమ్మ దృష్టిలో సీసాపాలు ఒక సర్దుబాటు, అంతే. వాటిని ఆమె లెక్కలోకి తీసుకోదు. కానీ శరీరం తీసుకుంటుంది. గేదెపాలు అరగడానికి ఎక్కువ సేపు పడుతుంది కాబట్టి బిడ్డ ఐదారు గంటలు కదలకుండా నిద్రపోతుంది. మీకు కూడా హాయిగా ఉంటుంది, కాదనను. అయితే ప్రొలాక్టిన్ బాగా పెరిగే వేళ రాత్రే. ఆ వేళలో బిడ్డ రొమ్ము పట్టకపోతే, పగలు ఎన్నిసార్లు పట్టినా ఆ లోటు తీరదు. పగలు నాలుగు గంటలకు మించి, రాత్రి ఆరు గంటలకు మించి ఎడం రాకూడదని మేము చెప్పేది ఇందుకే. కాబట్టి మీ పాప వయసు, మీ ముట్టు అనే రెండు షరతులు సరిగానే ఉన్నా, రోజూ రాత్రి పట్టే ఆ గేదెపాల వల్ల మూడోది ఇప్పటికే సడలిపోయింది. వాటిని మానేసి మళ్లీ రొమ్మే పట్టిస్తే పాపకూ మంచిదే, ఎందుకంటే ఆరు నెలల లోపు బిడ్డకు గేదెపాలు ఎలాగూ తగవు. కానీ ఇన్నాళ్లు సడలిన రక్షణను నమ్ముకోకుండా, వేరే పద్ధతి ఒకటి ఇప్పుడే మొదలుపెట్టండి.

మన ఇళ్లలో ఇలా షరతు సడలిపోయే సందర్భాలు మరికొన్ని ఉన్నాయి. వేసవిలో పుట్టిన బిడ్డకు, నెల్లూరు ఎండలకు గొంతు ఆరిపోతుందని పూటకు రెండు చెంచాల చొప్పున కాచి చల్లార్చిన నీళ్లు పోస్తుంటారు. రొమ్ముపాలలో ఎక్కువ భాగం నీరే కాబట్టి రోహిణీకార్తెలో కూడా ఆరు నెలల లోపు బిడ్డకు వేరే నీళ్లు అక్కరలేదు. నీళ్లతో పొట్ట నిండిన బిడ్డ ఆ మేరకు రొమ్ము తక్కువ పడుతుంది. ఉగ్గుగిన్నెతో వసకొమ్ము అరగదీసి నాకించడం, ఆముదం పట్టడం బిడ్డ ఆరోగ్యం దృష్ట్యా నేను ఒప్పుకోను. అయినా గర్భం లెక్కలో మాత్రం ఎప్పుడో ఒకసారి చుక్క నాకించినంత మాత్రాన రక్షణ పోదు. రొమ్ము పట్టవలసిన ఒక పూటను తినివేసేలా రోజూ ఇచ్చే ఏ ఆహారమైనా, పానీయమైనా దాన్ని చెడగొడుతుంది. అన్నప్రాశన విషయం కూడా అంతే. ఆడపిల్లలకు బేసి నెలలో చేయాలని కొందరు ఐదో నెలలోనే ముహూర్తం పెడతారు. ఆనాడు వెండిగిన్నెలో పాయసం నాలుకకు రాసినందువల్ల ఏమీ కాదు. మర్నాటి నుంచి రోజూ మెత్తటి అన్నం, జావ మొదలుపెడితే మాత్రం, ఆ రోజుతో ఈ పద్ధతికి గడువు తీరిందని పంచాంగం పక్కనే రాసిపెట్టుకోవచ్చు.

ముట్టు గురించి కూడా ఒక మాట చెప్పాలి. కాన్పు తర్వాత కొన్ని వారాలు వచ్చే స్రావాన్ని ముట్టుగా లెక్కించం. పూర్తిగా రొమ్ముపాలు ఇచ్చే తల్లిలో మొదటి 56 రోజులలో కనిపించే ఎరుపును కూడా పక్కన పెడతాం. ఆ తర్వాత రెండు రోజులు వరుసగా ఎరుపు కనిపించినా, అది ఎప్పటి ముట్టులా అనిపించకపోయినా, ముట్టు తిరిగి వచ్చినట్లే భావించాలి.

ఇక మీ పక్కింటి ఆమె విషయానికి వస్తాను. ముట్టు వస్తే గదా గర్భం వచ్చేది అన్న నమ్మకం చదువుకున్న వాళ్లలో కూడా బలంగా ఉంది. కానీ శరీరంలో జరిగే వరుస వేరు. ముందు అండం విడుదల అవుతుంది, అది ఫలించకపోతే సుమారు రెండు వారాల తర్వాత ముట్టు వస్తుంది. ఫలిస్తే ఆ ముట్టు రానే రాదు. మొదటి ఆరు నెలల్లో చాలామందికి తొలి ముట్టు అండం విడుదల కాకుండానే వస్తుంది కాబట్టి అది ఒక హెచ్చరికలా పనికొస్తుంది. ఆరు నెలలు దాటే కొద్దీ, ముట్టు కంటే ముందే అండం విడుదలయ్యే అవకాశం పెరుగుతూ పోతుంది. ఎనిమిదో నెలలో ఉన్న ఆమెకు ఏ హెచ్చరికా అందలేదు, అందడానికి వీలు కూడా లేదు. ఆమెను "పాలిస్తూ ఉండగానే ఎలా వచ్చింది?" అని బంధువులు అడుగుతుంటే ఎంత ఇబ్బంది పడి ఉంటుందో నేను ఊహించగలను. ఆమె చేసిన తప్పేమీ లేదని మీరైనా చెప్పండి.

మీ అమ్మగారి నాలుగేళ్ల ఎడానికి కూడా కారణాలు ఉన్నాయి. ఆ రోజుల్లో పల్లెల్లో బిడ్డను పక్కలోనే పడుకోబెట్టుకుని, రాత్రంతా అడిగినప్పుడల్లా రొమ్ము అందించేవారు. సీసాలు, పాలపీకలు అంతగా లేవు. ఏడాది దాటినా, రెండేళ్లు దాటినా బిడ్డ రొమ్ము మానేది కాదు. ఆఫ్రికాలోని కలహారి ఎడారిలో కుంగ్ అనే తెగ వారిని గమనించిన పరిశోధకులు, అక్కడి తల్లులు పగటిపూట గంటకు పలుమార్లు కొద్దికొద్దిగా పాలిస్తారని, వారి కాన్పుల మధ్య ఎడం సుమారు 44 నెలలు ఉందని 1980లో రాశారు. అంటే అవ్వల మాటకు ఆధారం లేకపోలేదు. అయితే ఒక ఊరిలో చాలామందికి సగటున ఎడం పెరగడం వేరు, ఫలానా తల్లికి ఫలానా నెలలో గర్భం రాదని హామీ ఇవ్వడం వేరు. అదీగాక, బాలింతను నెలల తరబడి పుట్టింట్లోనే ఉంచే ఆచారం కూడా ఆ ఎడానికి ఎంతో తోడ్పడింది. ఆ భాగాన్ని పెద్దవాళ్లు మనకు చెప్పరు.

మీ విషయంలో కూడా ఇన్నాళ్లు మిమ్మల్ని ఎక్కువగా కాపాడింది కావలికీ ఒంగోలుకూ మధ్యనున్న దూరమే అని నా అనుమానం. ఐదో నెలలో ఆ దూరం పోతుంది. సరిగ్గా అప్పుడే ఇల్లు మారడం, చుట్టాల రాకపోకలు, ఇంటిపని, పాపకు అన్నప్రాశన అన్నీ కలిసి వచ్చి పాలిచ్చే వేళలు తారుమారవుతాయి. అందువల్ల ప్రయాణానికి ముందే మీ దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి మాట్లాడండి, వీలైతే మీ వారిని కూడా రమ్మనండి. పాలిచ్చే తల్లులకు తగిన పద్ధతులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగానే దొరుకుతాయి. గర్భసంచిలో అమర్చే కాపర్-టీని కాన్పయిన 48 గంటలలోపు గానీ, ఆరు వారాలు దాటిన తర్వాత గానీ వేస్తారు. అది పాల మీద ఎలాంటి ప్రభావమూ చూపదు, వద్దనుకున్నప్పుడు తీయించుకోవచ్చు. మొదటి కొన్ని నెలలు ముట్టు కాస్త ఎక్కువగా కావచ్చు. ‘ఛాయ’ అనే మాత్రలో ఉండేది లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ తయారుచేసిన మందు. మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, తర్వాత వారానికి ఒకసారి వేసుకోవాలి. అందులో మామూలు గర్భనిరోధక మాత్రల్లోని హార్మోన్లు ఉండవు కాబట్టి పాలిచ్చే తల్లులు వాడుకోవచ్చు. ‘అంతర’ ఇంజెక్షను మూడు నెలలకు ఒకటి, దాన్ని కాన్పయిన ఆరు వారాల తర్వాత మొదలుపెడతారు. మానేసిన తర్వాత మళ్లీ గర్భం రావడానికి కొన్ని నెలలు ఆలస్యం కావచ్చని మాత్రం తెలిసి ఎంచుకోండి. మందుల షాపులో అడగ్గానే ఇచ్చే మామూలు మాత్రలను, ప్రభుత్వం ఇచ్చే మాలా-ఎన్ వంటి వాటిని మాత్రం, పాపకు ఆరు నెలలు నిండేవరకు వేసుకోవద్దు. వాటిలోని ఈస్ట్రోజెన్ పాలను తగ్గించవచ్చు.

మన రాష్ట్రంలో ఒక వింత ఉంది. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో వివాహిత స్త్రీలలో దాదాపు 70 శాతం మంది కుటుంబ నియంత్రణ ఆపరేషను చేయించుకున్నవారే. ఇద్దరు పిల్లలు, వెంటనే ఆపరేషను, అంతటితో సరి అన్నట్లుగా సాగుతుంది. ఆ ఇద్దరి మధ్య ఎడం పాటించడానికి ఏదైనా వాడేవారు మాత్రం చాలా తక్కువ. బిడ్డ పుట్టాక కనీసం 24 నెలలు ఆగి మళ్లీ గర్భానికి ప్రయత్నించడం తల్లికీ బిడ్డకూ క్షేమమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆ 24 నెలల్లో రొమ్ముపాలు కాపాడేది, అన్నీ సరిగా ఉంటే, మొదటి ఆరు నెలలే. మిగిలిన 18 నెలలకు మీరే ఏర్పాటు చేసుకోవాలి.

ప్రశ్న: మేడం, నేను ఒంగోలులో బ్యాంకు ఉద్యోగిని. బాబుకు ఐదో నెల. ప్రసూతి సెలవు అయిపోవస్తోంది. డబ్బాపాలు అలవాటు చేయడం ఇష్టం లేక, పంపుతో పాలు తీసి ఫ్రిజ్‌లో పెడితే మా అత్తగారు పాలాడతో (ముక్కు ఉన్న చిన్న గిన్నెతో) పట్టేలా ఏర్పాటు చేసుకున్నాను. రాత్రిళ్లు రెండు మూడు సార్లు రొమ్మే పడతాడు. బాబు తాగేది తల్లిపాలే కాబట్టి నాకు గర్భం రాకుండా ఉండే రక్షణ కొనసాగుతుందా? (ఒక ఉద్యోగిని, ఒంగోలు)

జవాబు: బాబు ఆరోగ్యానికి మీరు చేసిన ఏర్పాటును నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. మీ అత్తగారు సీసాకు బదులు పాలాడ పట్టుకున్నందుకు ఆమెకు కూడా నా అభినందనలు. అయితే గర్భ నిరోధం విషయంలో మాత్రం తీసిపెట్టిన పాలూ, రొమ్ము పట్టించిన పాలూ ఒకటి కావు. పంపు పాలను తీయగలదు గానీ, బిడ్డ చప్పరింపు వల్ల కలిగే హార్మోన్ల స్పందనను అంతే బలంగా కలిగించలేదు. పైగా బ్యాంకులో ఉన్న ఎనిమిది తొమ్మిది గంటల్లో మీరు ఒకసారో రెండుసార్లో పంపు పెడతారు. నెలాఖరులో, ఖాతాదారులు వరుస కట్టిన రోజున అది కూడా కుదరదు. చిలీ దేశంలో ఇలా పాలు తీసి ఇస్తూ ఉద్యోగాలకు వెళ్లిన తల్లులను పరిశీలించి 2000లో ప్రకటించిన అధ్యయనంలో, ఆరు నెలలలోపే నూరుమందిలో సుమారు ఐదుగురు గర్భం దాల్చినట్లు తేలింది. ఇంటి పట్టున ఉండి రొమ్ము పట్టించే వారిలో ఈ సంఖ్య ఒకటి, రెండుకు మించదు.

ఐదు శాతమే కదా అని కొందరికి అనిపించవచ్చు. మీకు రెండో బిడ్డ ఎప్పుడైనా ఫరవాలేదనుకుంటే అది నిజంగా చిన్న సంఖ్యే. ఇప్పుడిప్పుడే వద్దని గట్టిగా అనుకుంటే మాత్రం, ఉద్యోగంలో చేరే రోజుకు ముందే మరొక పద్ధతి మొదలై ఉండాలి. చట్టం 2017 నుంచి మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల ప్రసూతి సెలవు ఇస్తోంది. అంటే ఇంచుమించు ఆరు నెలలు. కాన్పుకు ముందు వాడుకున్న వారాలు పోను మిగిలేది ఐదు నెలలో అంతకన్నా తక్కువో ఉంటుంది. కాన్పు దాకా పనిచేసి సెలవంతా తర్వాతకు దాచుకున్నవారికి రొమ్ముపాల రక్షణ గడువూ, సెలవు గడువూ దాదాపు ఒకే వారంలో ముగుస్తాయి. అదే చట్టం ప్రకారం, బిడ్డకు 15 నెలలు వచ్చేవరకు, మామూలు విశ్రాంతి సమయం కాకుండా రోజుకు రెండుసార్లు పాలిచ్చే విరామం కూడా మీ హక్కు. బ్యాంకు ఇంటికి దగ్గరైతే మధ్యాహ్నం బాబును తీసుకురమ్మని ఒకసారి రొమ్ము పట్టించండి. పాలు తగ్గకుండా ఉంటాయి. దాన్ని గర్భ నిరోధంగా మాత్రం లెక్క వేసుకోవద్దు.

ప్రశ్న: డాక్టరు గారూ, మాది సింగరాయకొండ దగ్గర. మా బాబుకు తొమ్మిదో నెల. అన్నం, పప్పు తింటున్నాడు, తల్లిపాలు కూడా తాగుతున్నాడు. నా భార్యకు ఇంకా ముట్టు మొదలుకాలేదు. అది వచ్చాక జాగ్రత్త పడితే చాలు గదా? ఇలాంటిది మగవాడినై అడగడం బాగుండదేమోనని ఆలోచించి ఆలోచించి రాస్తున్నాను.

జవాబు: బాగుండకపోవడం ఏమీ లేదు. ఈ శీర్షికకు భర్తలు రాసే ఉత్తరాలు చాలా తక్కువ, మీ ఉత్తరం చూసి సంతోషించాను. ముట్టు వచ్చేదాకా ఆగకండి, ఈ రోజు నుంచే జాగ్రత్త పడండి. నేను పైన చెప్పిన ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశీలనలోనే, ముట్టు రాని తల్లులలో కూడా, ఆరు నెలల వరకు నూరింటికి ఒకటిగా ఉన్న గర్భాల సంఖ్య పన్నెండో నెల నాటికి ఏడుకు చేరింది. బాబు అన్నం తింటున్నాడంటే రొమ్ము పట్టే సార్లు తగ్గాయనే అర్థం. మీ చేతిలో ఉన్న పద్ధతి కండోము. ఆశా కార్యకర్తను అడిగితే ఇస్తారు. దీర్ఘకాలానికి ఏది అనుకూలమో మీ ఆవిడ నిర్ణయించుకుంటారు.

మొదలుపెట్టే ముందు ఒక మూత్ర పరీక్ష చేయించండి. ఆశా కార్యకర్తల దగ్గర ‘నిశ్చయ్’ అనే కిట్టు ఉంటుంది. ముట్టు రాని తల్లికి నెల తప్పిందని తెలియదు కాబట్టి, వికారం, నీరసం, ఉన్నట్టుండి పాలు తగ్గడం, చనుమొనలు నొప్పిగా ఉండడం వంటివి కనిపిస్తే అనుమానించాలి. చాలామంది వీటిని ఎండదెబ్బకో, బాలింత నీరసానికో కట్టబెట్టి, కడుపు కనిపించేదాకా వస్తారు. ఎప్పుడైనా జాగ్రత్త తప్పితే 72 గంటలలోపు వేసుకునే అత్యవసర మాత్ర పాలిచ్చే తల్లి కూడా వేసుకోవచ్చు. ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిది. దాన్ని నెలనెలా వాడే పద్ధతిగా చేసుకోవద్దు.

ప్రశ్న: అమ్మా, నేను బుచ్చిరెడ్డిపాళెం నుంచి రాస్తున్నాను. మా కోడలికి పది నెలల మనవడు ఉన్నాడు. ఇప్పుడు మళ్లీ రెండో నెల అని తేలింది. కడుపుతో ఉండి పాలిస్తే ఆ పాలు విషమవుతాయని, వెంటనే వేపాకు రాసి మాన్పించమని అందరూ అంటున్నారు. కొందరు కడుపు తీయించేయమంటున్నారు. కోడలు ఏడుస్తోంది. మేమేం చేయాలి?

జవాబు: అమ్మా, ముందుగా వేపాకు సంగతి చెబుతాను. గర్భవతి పాలు విషం కావు. ఆరోగ్యంగా ఉన్న గర్భిణి పెద్దబిడ్డకు పాలిస్తూ ఉండవచ్చు. నాలుగైదు నెలలు వచ్చేసరికి పాలు తగ్గుతాయి, రుచి కూడా మారుతుంది. చాలామంది పిల్లలు తమంతట తామే మానేస్తారు. రొమ్ము పట్టినప్పుడు గర్భసంచి కాస్త బిగుసుకోవడం ఉంటుంది గానీ, మామూలు గర్భాల్లో దానివల్ల గర్భస్రావం కాదు. ఎరుపు కనిపించినా, కడుపులో నొప్పి ఉన్నా, ముందు కాన్పు నెలలు నిండకుండా జరిగి ఉన్నా మాత్రం మాన్పించమని మేమే చెబుతాం. పది నెలల పిల్లవాడు కాబట్టి అన్నం, పప్పు, గుడ్డు, నెయ్యి పూటపూటా పెడుతూ రండి, పాలు తగ్గినా లోటు రాదు. అదే సమయంలో మీ కోడలు ఇప్పుడు ముగ్గురి కోసం తినవలసి ఉంది. వడ్డించేది మీరైతే, మగవాళ్ల తర్వాత కాకుండా వాళ్లతో పాటే ఆమెకు కూడా పెట్టండి.

రెండో విషయంలో నిర్ణయం ఆమెది. 18 ఏళ్లు నిండిన స్త్రీకి గర్భం తీయించుకోవడానికి ఆమె సమ్మతి ఒక్కటే చాలునని, భర్త సంతకం గానీ అత్తమామల సంతకం గానీ అక్కరలేదని చట్టం చెబుతుంది. వాడిన పద్ధతి విఫలమై వచ్చిన గర్భాన్ని చట్టం ఒక కారణంగా గుర్తిస్తుంది. 20 వారాల వరకు ఒక్క అర్హత గల డాక్టరు అభిప్రాయం సరిపోతుంది. ఉంచుకుంటానంటే ఉంచుకోనివ్వండి, తీయించుకుంటానంటే అర్హత గల ఆసుపత్రికే తీసుకెళ్లండి. మందుల షాపులో ఎవరో చెప్పిన మాత్రలు తెచ్చి ఇంట్లో మింగించే పని మాత్రం చేయకండి. అలా మింగి, రక్తం పోతూ, ముఖం పాలిపోయి, ఆటోలో అర్ధరాత్రి వచ్చినవాళ్లకు నేను రక్తం ఎక్కించాను.

ఉంచుకునే పక్షంలో, మొదటి కాన్పు ఆపరేషనుతో జరిగిందా లేదా అన్నది మీరు రాయలేదు. అదే ముఖ్యమైన విషయం. ఆపరేషను అయి ఏడాది కూడా కాకముందే మళ్లీ గర్భం వస్తే, నొప్పుల సమయంలో పాత కుట్టు విచ్చుకునే ప్రమాదం ఎక్కువ కాబట్టి కాన్పు పెద్ద ఆసుపత్రిలోనే జరగాలి. రక్తం ఎంత ఉందో ఈ వారంలోనే చూపించండి. బాలింతతనం తీరకముందే మళ్లీ గర్భం రావడంతో ఇలాంటి తల్లుల్లో రక్తం బాగా తగ్గి ఉంటుంది. ఈ కాన్పు తర్వాత 48 గంటలలోపే కాపర్-టీ వేయించుకునే వీలుందని ఇప్పటి నుంచే ఆమెకు తెలిసి ఉండాలి. ఆ మాట నొప్పుల గదిలో చెబితే ఎవరికీ బుర్రకెక్కదు. పరీక్షకు వచ్చేటప్పుడు మొదటి కాన్పు కాగితాలు, తల్లీబిడ్డల కార్డు మరిచిపోకుండా వెంట తెచ్చుకోమనండి.